అరవై దాటాక మూట ఎంత బరువుండాలి?



ఫాల్గుణం సగం దాటిందంటే రాయచూరు జిల్లా రోడ్ల మీద కొత్త సందడి మొదలవుతుంది. ఇంకా కోడి కూయకముందే రోడ్డు వారన గుంపులు గుంపులుగా నడిచేవాళ్ళు కనబడతారు. నుదుట విభూతి, భుజాన జోలె, చేతిలో కర్ర. లింగసుగూరు, దేవదుర్గ, మాన్వి, సింధనూరు పల్లెలవాళ్ళు కొందరు. ఇంకా పైనుంచి, విజయపుర, బాగలకోట వైపు నుంచి నడిచొచ్చేవాళ్ళు కొందరు. ఉగాది నాటికి అందరూ శ్రీశైలంలో ఉండాలి. వీళ్ళకు మల్లయ్య అల్లుడు, భ్రమరాంబ ఇంటి ఆడపడుచు. పండక్కి పుట్టింటివాళ్ళు వెళ్ళకపోతే ఎలా?

రాయచూరు నుంచి కర్నూలు, ఆత్మకూరు మీదుగా లెక్కవేస్తే రెండు వందల కిలోమీటర్ల పైమాటే. విజయపుర నుంచి బయల్దేరినవాళ్ళకు నాలుగు వందలు దాటుతుంది. ఈ గుంపుల్లో మరగాళ్ళు, అంటే కొయ్యకాళ్ళు, కట్టుకుని నడిచే కుర్రాళ్ళుంటారు, కంబి అనే కావడిని భుజాన వేసుకుని పాడుతూ పోయేవాళ్ళుంటారు. చూసేవాళ్ళ కళ్ళు వాళ్ళ మీదే పడతాయి. వాళ్ళ వెనకాల, నాలుగడుగుల ఎడంగా, ఎవరితోనూ పోటీ లేకుండా నడిచే అరవై, డెబ్బై ఏళ్ళ తాతలు, అవ్వల సంగతి ఇవాళ్టి ప్రసంగం. మరీ ముఖ్యంగా, వాళ్ళ భుజం మీది మూట సంగతి.

దూరాలు నడిచే పెద్దవాళ్ళ కథలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. అందులో మన అవ్వలకు బాగా దగ్గరగా అనిపించేది అమెరికా కథ. ఒహాయో రాష్ట్రంలో ఎమ్మా గేట్‌వుడ్ అని ఒక రైతు కుటుంబపు మనిషి. పదకొండు మంది పిల్లల్ని కని పెంచింది. 1955లో, 67 ఏళ్ళ వయసులో, జార్జియా నుంచి మెయిన్ దాకా కొండల వెంబడి సాగే అప్పలేచియన్ కాలిబాటను ఒంటరిగా మొత్తం నడిచేసింది. సుమారు 3,300 కిలోమీటర్లు. అంత దూరం ఆమె వెంట వెళ్ళింది ఇంట్లో కుట్టుకున్న ముతక గుడ్డ సంచీ ఒకటి. దాన్ని ఒక భుజాన వేసుకుంది. డేరా లేదు, పడక సంచీ లేదు. వానకు స్నానాల గది తెర కప్పుకుంది. కాళ్ళకు మామూలు కాన్వాసు బూట్లు. తినడానికి వేరుసెనగ గింజలు, ఎండు ద్రాక్ష. అంతకు ముందు ఏడాది ప్రయత్నించి దారి తప్పి, కళ్ళజోడు పగలగొట్టుకుని వెనక్కి వచ్చిందనే సంగతి కూడా చెప్పాలి. మళ్ళీ 1957లో ఇంకోసారి నడిచింది. 1964 నాటికి అదే దారిని మూడోసారి, ముక్కలు ముక్కలుగా, పూర్తి చేసింది.

అప్పట్లో కొండలెక్కే కుర్రాళ్ళు పాతిక కిలోల సంచులు వీపున వేసుకుని తిరిగేవారు. ఇదేం వెర్రి అని అడగడానికి ఇంకో ముప్ఫై ఏళ్ళు పట్టింది. 1990లలో రే జార్డిన్ అనే ఇంజనీరు, విమాన రంగంలో పనిచేసినవాడు, నడక సామాను ప్రతిదాన్నీ తూకం వేసి, ఇది లేకపోతే ఏమవుతుంది అని అడగడం మొదలుపెట్టాడు. డేరా బదులు పలచటి పట్టా, బరువైన తోలు బూట్ల బదులు పరుగు బూట్లు. ఇప్పుడు ఆ పద్ధతికి ఒక లెక్క కూడా కుదిరింది. అన్నం, నీళ్ళు, పొయ్యిలోకి ఇంధనం కాక మిగతా సామానంతా కలిపి నాలుగున్నర కిలోల లోపుంటే దాన్ని అల్ట్రాలైట్ అంటారు. ఆ నాలుగున్నర కిలోల్లోకి దిగడానికి అక్కడివాళ్ళు పెట్టే ఖర్చు వింటే మన రైతు ఉలిక్కిపడతాడు. గ్రాము తగ్గేకొద్దీ రూపాయలు పెరుగుతాయి.

మన శ్రీశైలం అవ్వ జోలె ఆ లెక్కలో ఎప్పుడో నెగ్గింది. పైసా ఖర్చు లేకుండా.

ఎలా నెగ్గిందన్నది చూడాల్సిన విషయం. డేరా తేలికైంది కొని కాదు, డేరా అవసరం లేక. పొయ్యి తేలికైంది కొని కాదు, పొయ్యి మోయక్కర్లేక. దారి పొడుగునా ఊరూరా దాసోహం ఉంటుంది. షామియానా కింద పెద్ద పెద్ద గుండిగల్లో అన్నం, సాంబారు, మజ్జిగ. పొద్దెక్కితే పుచ్చకాయ ముక్కలు, నిమ్మరసం. ‘బన్ని శరణరే’ అని కన్నడంలో పిలుస్తారు, తుంగభద్ర దాటాక ‘రండి స్వామీ, కూర్చోండి’ అని తెలుగులో పిలుస్తారు. రాత్రికి బడో, గుడో, మఠమో, ఎవరి కల్లమో. కాళ్ళకు నూనె రాసి పట్టేవాళ్ళు కూడా ఉంటారు. పైగా చాలా ఊళ్ళ గుంపులకు వెనకాల ఒక ట్రాక్టరో, టెంపోనో బియ్యం మూటలతో, దుప్పట్లతో వస్తుంది. మహారాష్ట్రలో వారీ అని పిలిచే పండరి పాదయాత్రలోనూ అంతే. ఆళంది నుంచి పండరిపురానికి రమారమి 250 కిలోమీటర్లు నడిచే వార్కరీ భక్తుల పరుపులు, వంటపాత్రలు వాళ్ళ దిండీ, అంటే గుంపు, లారీల్లో పోతాయి. వేల రూపాయల నైలాను చేసే పని ఇక్కడ ఊళ్ళు చేస్తున్నాయి.

ఇదే దారిలో ఇంకో రకంగా వెళ్ళిన మన తెలుగువాడే ఒకాయన ఉన్నాడు. ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీం కోర్టులో ఉద్యోగి. 1830 మే నెలలో కాశీకి బయల్దేరి ఆత్మకూరు, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను మీదుగానే శ్రీశైలం ఎక్కాడు. అప్పటికి ఆయన వయసు యాభై దరిదాపుల్లో. పల్లకీ, బోయీలు, డేరాలు, సుమారు నూరుమంది పరివారం. ఆ రోజుల్లో పెద్దమనుషుల ప్రయాణం అలాగే ఉండేది. తప్పుపట్టాల్సింది లేదు. ఆయన కాశీయాత్ర చరిత్రలో రాసిపెట్టిన మజిలీల పేర్లు మాత్రం ఇవాళ్టికీ పాదయాత్రికుల నోట వినబడతాయి.

బరువు అనగానే రాయచూరు కోటగోడ గుర్తుకు రాక మానదు. 1294లో కాకతీయుల కాలంలో కట్టిన ఆ కోటలో 41 అడుగుల పొడవున్న ఒకే శాసనపు రాయి ఉంది. పక్కన ఇంకో రాతి మీద ఆ బండను చక్రాల బండి మీద దున్నలు లాగుతుంటే, మనుషులు వెనకనుంచి మీటలతో తోస్తున్న బొమ్మ చెక్కారు. కొండంత బరువు ఎలా కదిలిందో చూపించే బొమ్మ మనకుంది. బరువు ఎలా తగ్గించాలో చూపించే బొమ్మ ఎవరూ చెక్కలేదు.

ఇక తిండి. అమెరికా నడకవాళ్ళు గ్రాముకు ఎన్ని కేలరీలు అని లెక్కలు కడతారు. నీళ్ళు ఇంకించిన భోజనం పొట్లాలు కొంటారు. రాయచూరు, విజయపుర ఇళ్ళల్లో ఆ పని పొయ్యి దగ్గరే అయిపోతుంది. పలచగా తట్టి, కాల్చి, ఆరబెట్టిన జొన్నరొట్టె అప్పడంలా పటపటలాడుతుంది. అదే ఖడక్ రొట్టె. తేమ పోయింది కాబట్టి రోజుల తరబడి బూజు పట్టదు, బరువూ ఉండదు. నూరు గ్రాముల్లో మూడు వందల కేలరీలకు పైనే. తోడుగా సేంగా, అంటే వేరుసెనగ, చట్నీ పొడి, గురెళ్ళ పొడి. వేరుసెనగ గింజలైతే నూరు గ్రాములకు ఐదు వందల యాభై కేలరీలు దాటతాయి. ఎమ్మా గేట్‌వుడ్ సంచిలోనూ అవే ఉన్నాయి. ఒక చిక్కు ఉంది. పళ్ళు కదిలిన తాతకు ఖడక్ రొట్టె నమలడం కష్టం. మజ్జిగలో నానబెట్టుకోవాలి. అంటే పూటకు ఓ గ్లాసు మజ్జిగ దొరికే దారిలోనే ఆ రొట్టె తేలిక.

మూటను నిజంగా కిరాణా కొట్టు కాటా మీద పెట్టి చూస్తే ఎంత తూగుతుంది? జోలె మూడు వందల గ్రాములు. మార్చుకోవడానికి నూలుచీర, రవికె, లంగా కలిపి ఎనిమిది వందలు. పలచటి దుప్పటి అర కిలో. తువ్వాలు నూటయాభై. రొట్టెలు, పొడులు అర కిలో. కింద పరుచుకోవడానికి పట్టా ముక్క మూడు వందలు. యూరియా సంచిని చీల్చి కుట్టుకున్నదైతే ఇంకా తక్కువే. టార్చి నూరు. ఫోను, చార్జరు మూడు వందలు. మందులు రెండు వందలు. మొత్తం మూడు కిలోల నూటయాభై. మనిషి బరువులో ఐదో వంతు దాకా మోయవచ్చని కొండలెక్కే కుర్రాళ్ళకు చెప్పే పాత లెక్క. అరవై దాటినవాళ్ళు పదో వంతు దగ్గరే ఆగడం మేలు. యాభైఅయిదు కిలోల అవ్వకు ఆ పదో వంతు అయిదున్నర కిలోలు. మూటకు పోను ఇంకా రెండు కిలోల పైచిలుకు మిగిలింది. ఆ రెండు కిలోలు ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న. జవాబు తేలికే: రెండు లీటర్ల నీళ్ళు.

ఇక్కడ పెద్దవాళ్ళకు కోపం వస్తుంది. దారి పొడుగునా మజ్జిగ ఇస్తుంటే నీళ్ళు మోయడమెందుకు అంటారు. నిజమే, ఆత్మకూరు దాకా నిజమే. ఆత్మకూరు దాటి వెంకటాపురం దగ్గర అడవి మొదలవుతుంది. ట్రాక్టరు, టెంపో దోర్నాల మీదుగా చుట్టు తిరిగి ఘాటురోడ్డు ఎక్కాలి. కాలిబాట నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా నల్లమల లోపలికి పోతుంది. అప్పటిదాకా బండిలో ఉన్న మూట అక్కడ సొంత భుజం మీదికి వస్తుంది. అడవిలో కూడా దేవస్థానం, దాతలు నీళ్ళు, అన్నం పెడతారు. కానీ ఊళ్ళలోలా ప్రతి మలుపులో షామియానా ఉండదు. ఇది నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. దేశంలో విస్తీర్ణంలో అతి పెద్దది. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసాలు లోపల పారేయడానికి లేదు. అందుకని గట్టి సీసా ఒకటి, నూటయాభై గ్రాములు ఎక్కువైనా, ఇంటి దగ్గరే సర్దుకోవాలి.

ఉగాది నాటికి ఈ ప్రాంతంలో పగటి ఎండ నలభై డిగ్రీల దగ్గర ఆడుతుంది. వయసు మీదపడ్డ ఒంట్లో దాహం ఆలస్యంగా తెలుస్తుంది. చెమట కూడా కుర్రవాళ్ళకు పట్టినట్టు పట్టదు. బీపీకి వాడే మాత్రల్లో కొన్ని ఒంట్లో నీటిని బయటికి పంపేవి. ఈ మూడూ కలిసినచోట, దాహం వేయడం లేదు కదా అని నడిచే తాత కళ్ళు తిరిగి పడిపోతాడు. దాహం వేసినప్పుడు కాదు, గంటకోసారి లెక్కపెట్టి తాగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీళ్ళలో కలిపే ఓఆర్‌ఎస్ పొడి 20.5 గ్రాములు. నాలుగు పొట్లాలు కలిపినా నూరు గ్రాములు లేవు. మూటలో బరువుకు తగ్గ విలువ చూస్తే ముందు వరస దానిదే. పొట్లం దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటికి ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఉప్పు ఎక్కువ వేస్తే మేలు కన్నా కీడు. బీపీ, గుండె, కిడ్నీ మందులు వాడేవాళ్ళు మాత్రం బయల్దేరే ముందే డాక్టరును అడిగి, ఎంత తాగాలో, మాత్రలు ఎలా వేసుకోవాలో తెలుసుకుని రావాలి.

పాదాల సంగతి ఇంకా జాగ్రత్తగా చెప్పాలి. చాలామంది మొక్కు ప్రకారం చెప్పుల్లేకుండా నడుస్తారు. మొక్కును ఎవరూ తప్పుపట్టరు. ఎండ నలభై డిగ్రీలున్న మధ్యాహ్నం తారురోడ్డు అరవై డిగ్రీలు దాటి కాలుతుంది. షుగరు ఉన్న మనిషికి పాదాల్లో స్పర్శ తగ్గితే ఆ కాలడం తెలియదు. సాయంత్రం బొబ్బ కనబడేదాకా తెలియదు. ఇలాంటివాళ్ళు మొక్కును తెల్లవారుజామున మట్టిదారి మీద తీర్చుకుని, ఎండెక్కాక చెప్పులు వేసుకుంటే మల్లయ్య కోప్పడడు. చెప్పులైనా బూట్లయినా బరువు చూసుకోవాలి. పాదానికి కట్టుకున్న బరువు వీపు మీది బరువు కన్నా నాలుగైదు రెట్లు ఎక్కువ శ్రమ పెడుతుందని సైన్యాల కోసం జరిగిన పరిశోధనల్లో తేలింది. ఎందుకంటే ప్రతి అడుగుకూ దాన్ని ఎత్తి ముందుకు విసరాలి. ‘పెద్దవాళ్ళు కదా, గట్టి బూట్లు కొనిపెడదాం’ అని పట్నంలో ఉన్న కొడుకు తెచ్చే కిలోన్నర తోలు బూట్లకన్నా, మెత్తటి అట్ట ఉన్న పరుగు బూట్లే నాన్నకు నయం. వయసుతోపాటు మడమ కింద కొవ్వుపొర పలచబడుతుంది, అట్ట మెత్తగా ఉండాలనేది అందుకే. సాయంత్రానికి కాలు వాస్తుంది. కాబట్టి బూట్లు సాయంత్రం పూట కొలత చూసి, కాస్త వదులుగా తీసుకోవాలి. కొత్తవి వేసుకుని యాత్రకు బయల్దేరడం మాత్రం వద్దే వద్దు.

చేతికర్రను కొందరు ముసలితనపు గుర్తుగా చూసి సిగ్గుపడతారు. 1930లో దండికి నడిచిన గాంధీ చేతిలోనూ వెదురు కర్ర ఉంది. అప్పటికి ఆయనకు అరవై నిండాయి. 24 రోజుల్లో సుమారు 385 కిలోమీటర్లు నడిచారు. అసలు కర్ర పని తెలిసేది దిగుడులో. 1999లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ పరిశోధకులు దిగుడుదారిలో కొలిచి చూశారు. రెండు చేతుల్లో రెండు కర్రలతో దిగితే మోకాలి మీద పడే బరువు పాతిక శాతం దాకా తగ్గింది. అల్యూమినియం కర్ర ఒక్కొక్కటి పావు కిలో ఉంటుంది, మడిచి జోలెలో పెట్టుకోవచ్చు. వెదురుదైనా చాలు. కాకపోతే ఒకటి కాదు, రెండుండాలి. నల్లమల దారిలో భీముని కొలను లోయలోకి దిగే వందల మెట్లున్నాయి. దిగి, మళ్ళీ కైలాసద్వారం ఎక్కాలి. ఎక్కేటప్పుడు ఊపిరి ఆడదు, అదొక కష్టం, ఆగితే తీరుతుంది. దిగేటప్పుడు పట్టేసిన మోకాలు ఆగినా తీరదు. పెద్దవాళ్ళు అక్కడే ఏడుస్తారు.

కంబి సంగతి కూడా ఇక్కడే. వెదురు బద్దకు రెండు కొసలా బరువు వేలాడే కావడి పద్ధతి చాలా తూర్పు దేశాల్లో ఉంది. 1991లో ఒక అమెరికా పరిశోధకుడు వంగే బద్దలతో మనుషుల్ని పరుగెత్తించి చూశాడు. ఒంటి శక్తి ఆదా కాలేదు గానీ భుజం మీద పడే కుదుపు బాగా తగ్గింది. కెన్యాలో తలమీద బరువు మోసే ఆడవాళ్ళను పరీక్షించి 1986లో ప్రకటించిన ఫలితం ఇంకా విచిత్రం. తమ బరువులో ఐదో వంతు దాకా వాళ్ళు అదనపు శ్రమ లేకుండా మోయగలిగారు. చిన్నప్పటినుంచీ అలవాటైన నడక అది. అరవై ఏళ్ళొచ్చాక నేర్చుకుంటే వచ్చేది కాదు. అలవాటు లేని అవ్వ జోలెను రెండు భుజాలకూ పట్టీలుండేలా కుట్టించుకుని వీపున వేసుకోవడం మంచిది. ఒంటి భుజం జోలె రెండో రోజుకే నడుమును పక్కకు లాగుతుంది. ఎమ్మా గేట్‌వుడ్ ఒంటి భుజాన మోసింది కదా అంటే, ఆమె పొలాల్లో పనిచేసిన మనిషి.

సింధనూరు, మాన్వి చుట్టుపక్కల క్యాంపుల్లో ఉండే తెలుగు పెద్దలకు ఒక వసతి ఉంది. తుంగభద్ర ఎడమ కాలువ నీళ్ళొచ్చాక గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి వచ్చి పొలాలు కొనుక్కున్న కుటుంబాలు వాళ్ళవి. కాలువ గట్టు చదునుగా, చెట్ల నీడతో ఊరి పక్కనుంచే పోతుంది. సంక్రాంతి దాటగానే పొద్దున్నే ఆ గట్టు మీద రోజుకు మూడు కిలోమీటర్లు, వారం వారం కాస్త పెంచుకుంటూ పోతే ఫాల్గుణానికి పది, పన్నెండు అలవాటవుతుంది. ఖాళీ చేతులతో కాదు, యాత్రకు తీసుకెళ్ళే జోలె వేసుకుని, అవే చెప్పులతో నడవాలి. ఎక్కడ ఒరుసుకుంటుందో, ఏ పట్టీ కోసుకుంటుందో ఇంటి దగ్గరే తెలిసిపోతుంది. మెట్లు లేని నేల కాబట్టి దిగుడుకు మాత్రం ఈ సాధన చాలదు. దగ్గర్లో గుట్టమీద గుడి ఉంటే వారానికోసారి ఎక్కి దిగాలి.

తొలిసారి వెళ్ళేవాళ్ళు శ్రీశైలమే పెట్టుకోనక్కర్లేదు. రాయచూరు నుంచి తుంగభద్ర దాటితే మంత్రాలయం నలభై, నలభైఅయిదు కిలోమీటర్లు. దారంతా ఊళ్ళు, దారంతా బస్సులు. రాఘవేంద్రస్వామి భక్తులు నడిచిపోయే ఈ దారిలో, మూడు రోజులు పెట్టుకుంటే, మోకాళ్ళు ఏమంటున్నాయో తెలుసుకుని, నచ్చకపోతే ఎక్కడికక్కడే బస్సెక్కి ఇంటికొచ్చేయొచ్చు. నల్లమల నడిమధ్యలో ఆ వీలుండదు.

శ్రీశైలం చేరాక బండిలో వచ్చిన సామాను మళ్ళీ కలుస్తుంది. దర్శనమయ్యాక మూటలు ఒక్కసారిగా లావెక్కుతాయి. కుంకుమ పొట్లాలు, విభూతి ఉండలు, మనవలకు బొమ్మలు, ఇరుగుపొరుగుకు ప్రసాదం, క్యానులో పాతాళగంగ నీళ్ళు. దారి పొడుగునా గ్రాములు లెక్కపెట్టిన తాత అయిదు లీటర్ల క్యాను ఎత్తుకుని బస్సు స్టాండులో నిలబడతాడు. తిరుగు ప్రయాణం నడిచేవాళ్ళు చాలా తక్కువ. కర్నూలు మీదుగా రాయచూరు వెళ్ళే బస్సు ఎక్కాక, ఆ క్యాను సీటు కింద పట్టదు, కండక్టరు ఒప్పుకోడు, ఆ వాదన మొదలవుతుంది.